పాలపండ్లకు నీలాపనింద

భద్రాచలమున గోదావరి గట్టున కాపురముండు వారికి మూడు అంకెలు పసినాటనే కంఠస్థములగును. నీటిమట్టము 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును ఎక్కిన నదిని కన్నులార చూచిన ఈ ప్రాంతపు జనులు గ్రహించినదేమనగా, వరద వచ్చుట రాకుండుట మన చేతిలో లేకపోయినను, ఏ అడుగునకు మూట కట్టవలెనో, ఏ అడుగునకు ఇల్లు విడువవలెనో ముందుగా నిశ్చయించుకొనుట మాత్రము మన చేతిలోనిదే. నది విషయమున ఇంత మెలకువ గల తల్లి, ఒడిలోని బిడ్డకు ఒళ్ళు కాలుచున్నపుడు, కడుపు పారుచున్నపుడు, అట్టి కొలబద్ద యేదియు చేత లేక, “పళ్ళొస్తన్నయి” అను ఒక్క మాటతో మనస్సును ఊరడించుకొని కూర్చుండుట ఈ సీమయందు నేను పలుమారులు చూచితిని. ఆ తల్లి చేతికొక కొలబద్ద నందించుటయే ఈ అధ్యాయపు ప్రయోజనము.

కొన్నేండ్ల క్రిందట, ఒక శ్రావణమాసపు సంతనాడు, చర్లలో ఎండుచేపల గంప ముందు కూర్చున్న యొక యువతి యొడిలో ఎనిమిది నెలల బిడ్డడు తల వ్రేలవైచి పడియుండెను. ఏమయ్యెనని అడిగితిని. “మూడొద్దులసంది పారుతున్నడయ్యా. పళ్ళొస్తన్నయి గదా, పన్ను బయటవడితే అదే తక్కువైతది” అని చెప్పి, నాకు నమ్మిక కలిగించుటకై వాని క్రింది పెదవిని వ్రేలితో వంచి చూపినది. నిజమే, లేత చిగురు క్రింద తెల్లని గీత యొకటి బియ్యపు నూకవలె మెరయుచుండెను. ఆమె చూపులో దోషము లేదు. కాని నా కన్ను ఆ గీతమీద నిలువలేదు. పెదవి వంచిన వ్రేలిమీద నిలిచినది. అంతకు క్షణము ముందే ఆ వ్రేలు చేపలను తూచినది, చిల్లర లెక్కించినది, ఈగలను తోలినది. బిడ్డని మెడలోని తాయెత్తు త్రాడు వాడు నమిలి నమిలి చొంగతో తడిసి మసిబట్టియుండెను. వ్యాధి వచ్చిన త్రోవ చిగురున లేదు. ఆ వ్రేలియందును ఆ త్రాటియందును ఉన్నది. పాపము, అప్పుడప్పుడే తల యెత్తుచున్న ఆ పాలపన్ను, శమంతకమణి విషయమున శ్రీకృష్ణునివలె, చేయని నేరమునకు నింద మోయుచున్నది.

పన్ను మొలచు క్రమము

పాలపండ్ల మొలకలు బిడ్డ తల్లి కడుపులో నుండగనే దవడలలో రూపు దిద్దుకొనును. పుట్టిన పిదప ఇంచుమించు ఆరవ మాసమున క్రింది చిగురున నడిమి జంట ముందుగా పైకి వచ్చును. ఆ వెనుక పై చిగురున నడిమి జంట, వాని యిరుప్రక్కలవి, ఏడాది దాటిన తరువాత మొదటి దవడపండ్లు, ఆపై కోరలు, తుదకు వెనుకటి దవడపండ్లు వచ్చి, రెండున్నర మూడేండ్ల ప్రాయమునకు మొత్తము 20 పూర్తియగును. కొందరికి నాల్గవ నెలలోనే పన్ను కనబడును, కొందరికి ఏడాది నిండినను కనబడదు, రెండును సహజములే. పదునెనిమిది నెలలు నిండినను ఒక్క పన్నైనను రానిచో దంతవైద్యునికి చూపుట మంచిది. పుట్టుకతోనే పన్నుతో వచ్చిన బిడ్డను చూచి భయపడ నక్కరలేదు గాని, ఆ పన్ను కదలుచున్నచో ఊడి గొంతున పడవచ్చును గనుక వైద్యునికి చూపవలెను. పై పండ్లు ముందు వచ్చిన మేనమామకు గండమని మన పెద్దలలో నొక నమ్మిక కలదు. దానివలన మేనమామకును బిడ్డకును కలుగు అపాయమేదియు లేదు గనుక దానితో మనకు జగడము లేదు.

పన్ను వచ్చుచున్నపుడు బిడ్డకు నిజముగా కలుగు బాధ యెంత? చొంగ కారును, ఆ తడికి గడ్డము, మెడ ఒరసి ఎఱ్ఱబారును. దొరికినదెల్ల నోట బెట్టుకొని కొరుకును. చిగురు ఉబ్బి సలుపును. రాత్రివేళ చిరాకుపడి లేచును, గట్టి ఆహారము కొంచెము తగ్గించును, ఒళ్ళు కొద్దిగా వెచ్చబడవచ్చును. ఇవన్నియు పన్ను బయటపడుటకు నాలుగు దినములు ముందును, మూడు దినములు వెనుకను మాత్రమే కనబడి తమంతట తామే పోవును. నీళ్ళవలె విరేచనము లగుట, ఒళ్ళు కాలు జ్వరము, దగ్గు, ఆయాసము, వాంతులు, ఫిట్స్ అను వీనిలో నేదియు పన్ను చేయు పని కాదు.

ఈ మాట నేను కల్పించి చెప్పుచున్నది కాదు. అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరపు వైద్యులు 125 మంది శిశువుల తల్లిదండ్రుల చేతనే దినమునకు రెండుసార్లు జ్వరము కొలిపించి, లక్షణములను వ్రాయించి, 475 పండ్లు మొలచిన దినములను ఆ లెక్కలతో పోల్చి 2000 సంవత్సరమున ప్రకటించిరి. కొరుకుట, చొంగ, చిరాకు, స్వల్పమైన వెచ్చదనము మొదలైనవి పన్నుతో కలిసి వచ్చినవి. తీవ్రజ్వరము, విరేచనములు, దగ్గు, వాంతులు పన్నుతో సంబంధము లేకయే వచ్చినవి, పోయినవి. ఈ లెక్క వ్రాసినవారు పండితులు కారు, ఇంటనుండి బిడ్డను కనిపెట్టి చూచిన తల్లిదండ్రులే యను విషయమును చదువరులు మనసున నుంచుకొనవలెను.

తల్లి చూచినది, తల్లి అనుకొన్నది

మరి తరతరముల తల్లులు, పన్నును వ్యాధిని ఒక్కసారే చూచినవారు, అందరును భ్రమపడిరా? పడలేదు. వారు రెండింటిని కలిసి వచ్చుచుండగా చూచినది సత్యము. ఒకే బండినుండి ఇద్దరు దిగినంతమాత్రమున ఒకరు మరియొకరిని తెచ్చినట్లు కాదు. వారిద్దరిని ఒకే మాసమున ఊరికి చేర్చిన కారణములు వేరుగ నున్నవి.

మొదటి కారణము రక్షణ సడలుట. తల్లి కడుపున నుండగా ఆమె రక్తమునుండి బిడ్డకు సంక్రమించిన రోగనిరోధక శక్తి పుట్టిన తరువాత క్రమముగా క్షీణించి, ఆరవ మాసము నాటికి చాలవరకు అడుగంటును. బిడ్డ తన సొంత బలమును సంపాదించుకొనుట అప్పుడే మొదలగును. తండ్రి యిచ్చిన సొమ్ము తరిగిపోయి, తన సంపాదన యింకను చేతికి రాని కుమారుని దశ యది.

రెండవ కారణము మన యింటి పండుగయే. ఆడపిల్లకు ఐదవ నెలలోనో, మగపిల్లవానికి ఆరవ నెలలోనో అన్నప్రాసన చేయుట మన ఆచారము. రాములవారి సన్నిధిని చేయింపవలెనని మ్రొక్కుకొని దూరప్రాంతములనుండి భద్రాద్రికి వచ్చువారును కలరు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలునని, ఆ పిమ్మట మెత్తని ఆహారము మొదలిడవలెనని వైద్యులును చెప్పుచున్నారు. అనగా శాస్త్రమును ఆచారమును ఇంచుమించు ఒకే మాసమున బిడ్డ నోటికి బయటి అన్నమును, బయటి నీటిని, బయటి గిన్నెను పరిచయము చేయుచున్నవి. తల్లి రొమ్మునుండి నేరుగా వచ్చు పాలలో కల్మషము చేరుటకు సందు లేదు. ఉదయము కలిపి మధ్యాహ్నమువరకు మూత లేక యుంచిన ఉగ్గుగిన్నెలో సందు మిక్కిలి కలదు. వరద తీసిన వెనుక బావులలోనికి, చేతిపంపుల చుట్టును చేరిన నీటి సంగతి వేరుగ చెప్పనేల?

మూడవ కారణము బిడ్డ కదలుట. ఆరేడు నెలలవాడు బోర్లపడి, ప్రాకి, కోళ్ళు మేకలు తిరిగిన నేలమీద దొరికిన పుల్లను, రాయిని, చెప్పును నోట బెట్టును. చిగురు దురదపెట్టుటవలన కొంత, లోకమును నోటితోనే పరీక్షించు వయస్సగుటవలన కొంత అట్లు చేయును. కనుక పన్నునకు విరేచనములతో ఏ మాత్రమును పొత్తు లేదనరాదు. బిడ్డ చేతిని నోటికి రప్పించునది చిగురు దురద, రోగమును తెచ్చునది ఆ చేతి మురికి.

నాల్గవది వట్టి గణితము. ఆరు నెలల ప్రాయమునుండి రెండున్నరేండ్ల వరకు ఇంచుమించు 730 దినములు. ఆ నడుమ 20 పండ్లు రావలెను. పన్ను పన్నునకు ఎనిమిది దినముల బాధ లెక్కగట్టినచో 160 దినములగును. పండ్లు జంటలుగా వచ్చుటచేత కొంత తగ్గునని యనుకొన్నను, బిడ్డకు వచ్చు ప్రతి అయిదారు జబ్బులలో ఒకటి ఏదో యొక పన్ను వచ్చు వారముననే తటస్థించుట అనివార్యము. వచ్చినదానిని తల్లి జ్ఞాపకముంచుకొనును. పన్ను లేక వచ్చిన నాలుగైదింటిని మరచును. ఇంకను సందేహమున్నవారు తమ వాడనే పరికింపవచ్చును: వరద తగ్గిన వారమున పదియిండ్లలో పదిమంది బిడ్డలకు కడుపు పారినచో, ఆ పదిమందికిని ఆ వారముననే పన్ను వచ్చెనా?

పెద్దల గ్రంథములలోను కలదు

ఈ పొరపాటు అడవితల్లులది మాత్రమే యని పట్టణవాసులు నవ్వరాదు. అష్టాంగహృదయ కర్తయగు వాగ్భటుడు దంతోద్భేదమును సమస్త రోగములకు కారణముగ నెంచి, అందు జ్వరము, విరేచనము, కాస, వాంతి, శిరోవేదనలను ప్రత్యేకముగ పేర్కొనెను. అయినను ఆ మహనీయుడే, పన్ను వచ్చుటవలని బాధలు పన్ను వచ్చినంతనే శమించును గనుక బిడ్డను కఠిననియమములతో అతిగా హింసింపరాదని కూడ హెచ్చరించెను. శిశువైద్య గ్రంథమగు కాశ్యపసంహిత మరియొక మెట్టు పైకెక్కి, మాటరాని శిశువు నొప్పిని ఏయే చేష్టలతో తెలుపునో ఒక అధ్యాయమంతయు వివరించినది. చేతులతో చెవులను తాకుచు తల త్రిప్పు బిడ్డకు చెవినొప్పి యని గుర్తింపుమని అందు కలదు. నేడు చెవి పీకుకొను బిడ్డను చూచి “దవడపన్ను వస్తున్నది” అని ఊరకుండు తల్లి, కాశ్యపుని మాట విన్నచో చెవిలో చీము పట్టకముందే మేలుకొనును.

సముద్రముల కావలనున్న నాగరికులు ఇంతకంటె దూరము పోయిరి. 1842లో లండను నగరపు మరణముల పట్టికలో ఏడాది లోపు శిశువుల చావులలో నూటికి 4.8, ఒకటి మొదలు మూడేండ్ల లోపు వారిలో నూటికి 7.3 పండ్లు వచ్చుటవలన కలిగినవని వ్రాసికొనిరి. వైద్యులు కత్తితో శిశువుల చిగుళ్ళను కోసెడివారు. ఇరువదవ శతాబ్దమున సైతము, పండ్ల బాధకని అంగడులలో అమ్మిన పొడులలో పాదరసపు సమ్మేళన ముండెను. దానివలన చేతులు కాళ్ళు గులాబిరంగుగా మారి, చర్మ మూడి, వెలుగు చూడలేక బిడ్డలు నలిగిన యొక వ్యాధికి కారణము తెలియక వైద్యులు చిరకాలము తడుముకొనిరి. 1950ల నడుమ ఆ పొడులు అంగడినుండి తొలగినంతనే ఆ వ్యాధియు మాయమయ్యెను. పన్ను ఏ బిడ్డను చంపలేదు. పన్నునకు చేసిన చికిత్స కొందరిని చంపినది, పన్నుమీద నెపము వేసి చేయక మానిన చికిత్స మరెందరినో చంపినది.

మూడు ప్రమాద హెచ్చరికలు

ఇక గోదావరి కొలబద్దను బిడ్డ విషయమున ఎట్లు వాడుకొనవలెనో చెప్పెదను.

మొదటి హెచ్చరిక ఇంటనే ఉండి కనిపెట్టి చూడవలసిన దశ. చొంగ, చిరాకు, చిగురు వాపు, కొద్ది వెచ్చదనము, ఒకటి రెండు పలుచని విరేచనములు ఉండియు, బిడ్డ పాలు త్రాగుచు, పిలిచిన చూచుచు, నవ్వించిన నవ్వుచున్నచో భయము లేదు. తల్లిపాలు మామూలుకంటె తరచుగ నియ్యవలెను. బిడ్డ ఎన్నిసార్లు మూత్రము పోసెనో లెక్కించుచుండవలెను.

రెండవ హెచ్చరిక ఆనాడే ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో చూపవలసిన దశ. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటిన జ్వరము, దినమునకు మూడు మొదలు అంతకు మించిన నీళ్ళ విరేచనములు, విరేచనమున నెత్తురు, దగ్గుతో వేగముగ ఊపిరి, జ్వరముతో చెవి పీకుకొనుట, ఒంటిపై పొక్కులు లేక దద్దురులు, వీనిలో నేది కనబడినను పన్ను మాట తలపెట్టరాదు. మన ఏజెన్సీ గ్రామములు మలేరియా పుట్టినిండ్లు. ఇచ్చట జ్వరము వచ్చిన ప్రతి బిడ్డకును రక్తపరీక్ష చేయించి తీరవలెను. వ్రేలినుండి తీసిన ఒక్క నెత్తురుబొట్టు పావుగంటలో తేల్చగల విషయమును పన్ను వచ్చువరకు వాయిదా వేయుట అవివేకము. తట్టు, ఆటలమ్మ పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టుకొనుడు, తప్పులేదు. కాని అమ్మవారి పేర బిడ్డకు అన్నము, పాలు, నీరు మాన్పింపరాదు. తొమ్మిదవ నెల నిండినంతనే ఒకసారి, పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ మరియొకసారి తట్టు టీకా వేయించుట మరువరాదు.

మూడవ హెచ్చరిక చేతనున్న పని విడిచి ఆసుపత్రికి బయలుదేరవలసిన దశ. రొమ్ము పట్టలేకుండుట, త్రాగినదెల్ల కక్కుట, ఫిట్స్ వచ్చుట, లేపినను లేవని మగత, ఊపిరి తీసినపుడు డొక్కలు లోనికి పోవుట, కన్నులు గుంటలు పడి ఏడ్చినను నీరు రాకుండుట, ఆరేడు గంటలుగా మూత్రము లేకుండుట, ఇవి గడియారము చూచు సమయములు కావు. మూడు నెలలు నిండని పసికందునకు జ్వరము వచ్చినచో మొదటి రెండు మెట్లును లేవు, తిన్నగ మూడవదే. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళపుచేతులు పెట్టుటవలన ప్రయోజనము లేదు, నోట చెంచా పెట్టుట ప్రమాదము. ప్రక్కకు ఒరిగించి పరుండబెట్టి, 108కి కబురంపుడు.

వాగు అవతలనున్న గూడెములవారికి ఒక్క మాట. వానకాలమున మీకు రెండవ హెచ్చరికయే మూడవది. సాయంకాలము మబ్బు పట్టినచో, తెల్లవారునప్పటికి వాగు దారి యిచ్చునో యియ్యదో ఎవ్వరెరుగుదురు? దాటగలిగినపుడే దాటవలెను.

కొలుచుట, కలుపుట

ఊపిరి లెక్కించుట ఏ చదువును రాని తల్లియు చేయగల పని. బిడ్డ నిద్రించునపుడో, నెమ్మదిగ నున్నపుడో చొక్కా పైకెత్తి, పొట్ట ఒకసారి లేచి పడుటను ఒకటిగా ఎంచుచు, నిండు నిమిషము లెక్కింపవలెను. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి ఏడాది వరకు 50, ఏడాదినుండి అయిదేండ్ల వరకు 40, ఈ సంఖ్యలకు చేరినను దాటినను అది వేగపు ఊపిరియే. ఏడ్చుచున్నపుడు, పాలు త్రాగుచున్నపుడు లెక్కింపరాదు.

విరేచనములు పట్టిన బిడ్డను చంపునది విరేచనము కాదు, ఒంటిలోని నీరును ఉప్పును వెడలిపోవుట. “పాలు తాగిస్తే ఇంకా పారుతది” అని పాలు మాన్పించుట, కారుచున్న కుండలో నీరు పోయుట మానివేయుట వంటిది. ఆశా కార్యకర్తయొద్దను అంగన్‌వాడీలోను దొరకు ఓఆర్‌ఎస్ పొట్లమును, పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారము, సామాన్యముగ ఒక లీటరు నీటిలో, ఒక్కసారే మొత్తము కలుపవలెను. సగము పొట్లము సగము గ్లాసని అందాజుగ కలుపరాదు. కాచి చల్లార్చిన నీరైన మేలు. పొట్లము దొరకని వేళ లీటరు నీటికి ఆరు చదునైన టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. రుచి చూచిన కన్నీటికంటె ఉప్పన కారాదు. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనమునకు వెనుక 50 నుండి 100 మిల్లీలీటర్లు, అనగా పావుగ్లాసు మొదలు అరగ్లాసు, చెంచాతో నెమ్మదిగ పట్టవలెను. కక్కినచో పది నిమిషము లాగి, మరింత నెమ్మదిగ మరల మొదలిడవలెను. కలిపిన నీటిని ఇరువదినాలుగు గంటలు దాటిన పారబోయవలెను. దీనితోపాటు జింకు మాత్రలను ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదున పదునాలుగు దినములు, విరేచనములు కట్టినను మానక ఇయ్యవలెను.

ఈ నీటి మహిమ 1971లో లోకమునకు వెల్లడి యయ్యెను. బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమబెంగాలు సరిహద్దున బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగి, సిరలలోనికి ఎక్కించు ద్రవము నిండుకొన్నపుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొడిని నీట కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించి వేలమందిని నిలిపెను. ఆనాడు గిన్నె పట్టిన చేతులు తల్లులవి, అక్కలవి. మన గూడెపు తల్లి చేతికి అది అసాధ్యమని నేను నమ్మను.

చిగుళ్ళకు చేయదగినది, చేయరానిది

సబ్బుతో కడిగిన వ్రేలితో చిగురును మెల్లగ రుద్దుడు. చల్లని నీట తడిపిన శుభ్రమైన గుడ్డను నమలనిండు. కొరుకు బొమ్మను దినమునకు రెండుమారులు కడుగుడు. చొంగను మెత్తని గుడ్డతో అద్దుడు, ఒరయకుడు. మొదటి పన్ను వచ్చిననాటినుండియే తడిగుడ్డతో దానిని తుడుచుట అలవరచుడు. తాయెత్తు కట్టుట మీ యిష్టము గాని, దానిని మెడనుండి మొలకు మార్చుడు. నోటికి అందదు, గొంతునకు బిగియదు.

మత్తు కలిగించు చిగురుపూత మందులను రెండేండ్లలోపు బిడ్డకు రాయకుడు. బెంజొకేయిన్ గల పూతలవలన నెత్తురు ప్రాణవాయువును మోయలేని స్థితి కలుగవచ్చును. ఏడాది నిండకముందు తేనె నాకింపకుడు. నల్లమందు, సారా చుక్క, చిగురు గీయుట, కడుపుమీద వాత పెట్టుట, వీనిని ఎంత పెద్దవారు చెప్పినను వలదనుడు.

అత్తగారితో మాట

తెలిసినదానిని ఇంట అమలు జరుపుట తెలిసికొనుటకంటె కష్టము. కోడలు ఓఆర్‌ఎస్ పొట్లము చింపబోగా, “ఆరుగురిని సాకిన, నాకు దెల్వదా? పళ్ళొస్తే పారకుంటదా?” అని అత్తగారు అడ్డుపడును. ఆ పెద్దామె కన్నది ఎందరిని, దక్కినది ఎందరు అను ప్రశ్న నీ నాలుక చివర కదలిన కదలవచ్చును. దానిని బయటికి రానీయకుము. ఆ లెక్క ఆమెకు నీకంటె బాగుగ తెలియును. “నిజమే అత్తమ్మా, పళ్ళు గూడ వస్తన్నయి. వచ్చేదాక పిల్లగానికి బలముండాలె గదా, ఈ నీళ్ళు తాపుదాం, నువ్వే ఎత్తుకో” అని గిన్నెను ఆమె చేతికే ఇమ్ము. పెద్దామెను వాదమున ఓడించిన కోడలికి రాత్రి జాగరణమున తోడు దొరకదు.

దిష్టి తీయుట, కోయగూడెమున పూజారియగు వడ్డెను పిలిచి మ్రొక్కుట మొదలగు వానియెడలను ఇదే నీతి. ఉప్పు మిరపకాయలు త్రిప్పి పొయ్యిలో వేయుటకు పట్టు కాలము అయిదు నిమిషములు. దానివలన తల్లి మనస్సు కుదుటపడినచో పడనిండు. కాని పసరువైద్యుని రాకకై ఒక రాత్రి, మ్రొక్కు ఫలించుటకై మరియొక రాత్రి, పన్ను బయటపడుటకై మూడవ రాత్రి గడపినచో ఆ మూడు రాత్రులలో నది 53 అడుగులు దాటిపోవును. మ్రొక్కును ఆపవలదు, మ్రొక్కుచు బయలుదేరుడు.

అమ్మా, ఈ పుట మూసి వెంటనే ఒక పని చేయుము. పొయ్యి పైగోడమీద బొగ్గుతోనైనను మూడు గీతలు గీయుము. క్రింది గీత యొద్ద ‘చూడు’ అని, నడిమిదాని యొద్ద ‘చూపించు’ అని, పైదాని యొద్ద ‘బయలుదేరు’ అని వ్రాయుము. వ్రాత రానిచో బడికి పోవు పిల్లవానిచేత వ్రాయింపుము. బిడ్డకు నలత చేసిన ప్రతిసారి, పన్ను వచ్చినదా యని చిగురు చూచుటకు ముందు ఆ గోడ చూడుము. పాలపండ్లు ఇరువదియు, నీవు కనిపెట్టి చూచినను చూడకున్నను, తమ వేళకు తామే వచ్చును.